చర్చి గోడ దాటి పొరుగింటికి: మీ సంఘం ఎలా మొదలుపెట్టాలి

మా చర్చి ఒంగోలుకు దగ్గర్లోని ఒక ఊళ్లో ఉంది. నలభై కుటుంబాల చిన్న సంఘం. పొరుగువాణ్ని ప్రేమించమన్న ఆజ్ఞ మీద ఏళ్ల తరబడి ప్రసంగాలు విన్నాం, పాటలు పాడాం. చర్చి వెనక సందులో ఎవరుంటారో మాత్రం మాలో సగం మందికి తెలియదు. ఒక ఆదివారం పొద్దున వెనకింటి ఆవిడ గేటు దగ్గరికొచ్చి మా పాస్టరుగారితో, "అయ్యగారూ, మా అమ్మాయికి టెన్త్ పరీక్షలండీ. మీ మైకు కాస్త తగ్గిస్తారా? ఈ మాట అడగడానికి రెండేళ్ల నుంచీ మొహమాటపడుతున్నా" అంది. రెండేళ్లు! ఆ వారం మా ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదంటే నమ్మండి. అంత దగ్గరున్న మనిషి మాతో ఒక మాట చెప్పుకోవడానికి రెండేళ్లు భయపడింది.

అక్కడే మాకు ఒకటి అర్థమైంది. మనసు నిండా కరుణ పుట్టాక బయటికి వెళ్దాంలే అని కూర్చుంటే ఎప్పటికీ వెళ్లం. మొహమాటంగానైనా, బెరుకుగానైనా ముందు గుమ్మం తొక్కాలి. వెళ్లగా వెళ్లగా మనసు మెత్తబడుతుంది. మేం చేసిన తప్పులూ, దిద్దుకున్న పద్ధతులూ కలిపి, మీ సంఘం ఎలా మొదలుపెట్టవచ్చో వరసగా చెబుతాను.

మొదటి అడుగు: మైకు సంగతి చూడండి

సాయం చేయడానికి వెళ్లే ముందు, మన వల్ల పక్కవాళ్లకు కలుగుతున్న ఇబ్బంది తీసేయాలి. ఇది లేకుండా మీరు ఎన్ని బియ్యం బస్తాలు పంచినా, "పొద్దున్నే చెవులు చిల్లులు పొడిచేది వీళ్లేగా" అనే అనుకుంటారు.

ఆరాధన జరుగుతుండగా సంఘపెద్దల్లో ఇద్దరు బయటికి వెళ్లి, వెనకింటి వరండాలో పది నిమిషాలు నిలబడి వినండి. మేం అలా నిలబడితే పక్కనున్న మనిషి మాట మాకే వినపడలేదు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇళ్లున్న చోట పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 దాటకూడదు. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా బయట లౌడ్‌స్పీకరు అసలు వాడకూడదు. మేం చర్చి కప్పు మీది రెండు హారన్లూ దింపేశాం. హాల్లో చిన్న బాక్సులు రెండు పెట్టుకున్నాం, నలభై కుటుంబాలకు అవి చాలు. ఆల్ నైట్ ప్రేయర్ ఉంటే తలుపులు మూసి, మైకు లేకుండానే.

తర్వాత బండ్ల సంగతి. ఆదివారం ఎవరి గేటుకు అడ్డంగా ఎవరి బైకు ఉందో చూడటానికి యూత్ నుంచి ఇద్దరికి వంతు వేయండి. క్రిస్మస్ భోజనాలయ్యాక విస్తరాకులు, గ్లాసులు కాలువలోకి పోకుండా ఆ సాయంత్రమే ఎత్తేయండి. ఇవన్నీ దిద్దుకున్నాక ఇంటింటికీ వెళ్లి, "ఇన్నాళ్లూ ఇబ్బంది పెట్టాం, ఏమనుకోకండి" అని చెప్పండి. మా పాస్టరుగారు స్వయంగా వెళ్లి చెప్పారు. వెనకింటి ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుని కాఫీ ఇచ్చింది. మా పరిచర్య మొదలైంది ఆ కాఫీతోనే.

రెండో అడుగు: నాలుగు వీధులు, ఒక నోటుబుక్కు

ఊరంతా పెట్టుకోకండి. చర్చి చుట్టూ నాలుగు వీధులు చాలు. ఇద్దరిద్దరుగా వెళ్లండి. ఇద్దరిలో ఒకరైనా ఆడమనిషి ఉండాలి. మగవాళ్లిద్దరే వెళితే పగటిపూట చాలా ఇళ్లలో తలుపు తీయరు, తీయకపోవడం వాళ్ల తప్పు కాదు. సాయంత్రం నాలుగు నుంచి ఆరు మధ్య మంచి సమయం. అప్పటికి పొలం పనుల వాళ్లు వచ్చేస్తారు, వంట ఇంకా మొదలవదు.

మొదటిసారి చేతిలో బైబిలు వద్దని నా మాట. మా సంఘంలో దీని మీద పెద్ద చర్చే జరిగింది, కొందరు పెద్దలు బాధపడ్డారు కూడా. కానీ చేతిలో పుస్తకం చూడగానే ఎదుటివాళ్లు వినడానికి సిద్ధపడతారు, లేకపోతే తలుపు వేయడానికి సిద్ధపడతారు. మాట్లాడటానికి మాత్రం సిద్ధపడరు. మనం వెళ్లింది వాళ్ల మాట వినడానికి.

"మీకేం కావాలి?" అని అడగకండి. మన వాళ్లెవరూ దానికి నిజం చెప్పరు. "ఏం లేదండీ, దేవుడి దయవల్ల బాగానే ఉన్నాం" అంటారు. దానికి బదులు, "ఈ వీధిలో ఒంటరిగా ఉండే పెద్దవాళ్లు ఎవరైనా ఉన్నారా?", "మంచాన పడ్డవాళ్లు ఉన్నారా?" అని అడగండి. తమ కష్టం చెప్పుకోలేని మనిషి కూడా పక్కింటి కష్టం చెబుతుంది. మూడో ఇల్లు వచ్చేసరికి మొదటి ఇంటి సంగతి కూడా తెలిసిపోతుంది.

ఇంటికొచ్చాక నోటుబుక్కులో నాలుగు సంగతులు రాయండి: ఇల్లు, ఎవరున్నారు, ఏం విన్నాం, మళ్లీ ఎప్పుడు వెళ్తాం. జబ్బుల పేర్లు, అప్పుల సంగతులు రాయకండి. ఆ పుస్తకం ఒక్కరి దగ్గరే ఉండాలి, వాట్సాప్ గ్రూపులోకి వెళ్లకూడదు.

ఇక్కడ ఒక కష్టమైన మాట చెప్పాలి. మన పల్లెటూళ్లలో చాలా చర్చిలు దళితుల పేటల్లో ఉంటాయి. కొన్ని ఇళ్లలో మనల్ని గేటు దగ్గరే ఆపుతారు, మంచినీళ్లకు వేరే గ్లాసు తెస్తారు. ఆ బాధ నాకు తెలుసు, మా అమ్మమ్మ కాలం నుంచీ తెలుసు. ఇష్టం లేనివాళ్లు అలాంటి ఇళ్లకు వెళ్లనక్కర్లేదు, ఎవరినీ బలవంతపెట్టకండి. అయితే అదే వారం మేం కాలువగట్టు మీద గుడిసెల్లో ఉండే యానాది గిరిజన కుటుంబాల దగ్గరికి వెళ్లినప్పుడు, వాళ్లు చాప వేసి కూర్చోమంటే మాలో ఇద్దరు నిలబడే ఉన్నారు. ఆ రాత్రి ప్రార్థనలో ఆ ఇద్దరే ముందుగా ఏడ్చారు. మరుసటి వారం ఆ చాప మీద మొదట కూర్చున్నదీ వాళ్లే.

మూడో అడుగు: ఒక్క పని ఎంచుకోండి

నోటుబుక్కు నిండేసరికి అన్నీ చేయాలనిపిస్తుంది. వద్దు. ఆరు నెలలు ఒకే పని చేయండి. మా దగ్గర నిలబడ్డ మూడు పనులు చెబుతాను, మీ వీధికి ఏది అవసరమో మీరే చూసుకోండి.

*గుప్పెడు బియ్యం.* మిజోరంలో క్రైస్తవ స్త్రీలు వంటకు బియ్యం తీసిన ప్రతిసారీ ఒక గుప్పెడు పక్కన పెట్టే అలవాటు వందేళ్ల పైమాటే. దాన్ని వాళ్లు బుహ్‌ఫై థామ్ అంటారు. మనకూ ఇది కొత్తేం కాదు, గుమ్మంలోకి వచ్చిన వాళ్లకు గుప్పెడు వేసిన చేతులే మనవి. లెక్క చూడండి. గుప్పెడంటే సుమారు 50 గ్రాములు. నలభై ఇళ్లు, రోజుకు రెండు పూటలు అంటే 4 కిలోలు. నెలకు 120 కిలోలు. పన్నెండు ఇళ్లకు పదేసి కిలోలు ఇవ్వొచ్చు, ఎవరి జేబులోంచీ రూపాయి తీయకుండా.

మొదటి నెల మేమొక పొరపాటు చేశాం. అన్ని ఇళ్ల బియ్యం ఒకే డ్రమ్ములో పోశాం. ఒకరివి పాత సోనామసూరి, ఒకరివి రేషన్ బియ్యం, ఒకరివి అప్పుడే ఆడించిన కొత్తవి. వండితే కొన్ని మెతుకులు ముద్దయ్యాయి, కొన్ని పలుకుగానే ఉండిపోయాయి. తీసుకున్న ఒక మామ్మే చెప్పింది: "పిల్లా, ఏమనుకోవద్దు, మూడు రకాల బియ్యం ఒకేసారి ఉడకవు." అప్పటి నుంచి మూడు డబ్బాలు పెట్టి, మీద సుద్దతో పాతవి, కొత్తవి, రేషన్‌వి అని రాస్తున్నాం. మీరు మొదటి నుంచే అలా చేయండి. మన ఇంట్లో తినలేని బియ్యం ఇంకొకరికి ఇవ్వకూడదు.

బియ్యాన్ని చర్చి దగ్గర లైను కట్టించి ఇవ్వకండి. మామూలు సంచిలో, చర్చి పేరు లేకుండా, చీకటిపడే వేళ ఇంటికి తీసుకెళ్లండి. ఫొటో తీయకండి. ఎవరైనా దాత ఫొటో అడిగితే ఆ డబ్బు వద్దని చెప్పండి. మేం ఒకసారి చెప్పాం. కష్టంగా ఉంటుంది, కానీ బతికాం.

*ఆస్పత్రికి తోడు.* నా లెక్కలో అన్నిటికంటే పెద్ద అవసరం ఇదే. గవర్నమెంటు ఆస్పత్రిలో వైద్యం ఉచితమే, కానీ ఓపీ చీటీ దగ్గర ఒకరు నిలబడాలి, రక్తపరీక్ష గది వెతకాలి, మందుల కిటికీ దగ్గర మళ్లీ నిలబడాలి. మోకాళ్ల నొప్పులున్న ఒంటరి మనిషి వీటికి భయపడే వెళ్లదు. వారానికి ఒక రోజు ఇద్దరికి వంతు వేయండి. సంచిలో ఆధార్, రేషన్ కార్డు, పాత రిపోర్టులు, నీళ్ల సీసా, తినడానికి ఏదైనా. ఆపరేషన్ అవసరమైతే ఆంధ్రాలో ఎన్టీఆర్ వైద్య సేవ, తెలంగాణలో ఆరోగ్యశ్రీ కౌంటరు ఎక్కడుందో ముందే కనుక్కోండి. డాక్టరు చెప్పింది కాగితం మీద రాసుకుని, ఏ మందు ఏ పూటో ఇంటి దగ్గర మళ్లీ చదివి వినిపించండి.

యూత్‌తో రక్తం గ్రూపుల పట్టిక రాయించండి. 18 నుంచి 65 ఏళ్ల లోపు, 45 కిలోలు తగ్గని ఆరోగ్యవంతులు ఇవ్వొచ్చు. మగవాళ్లు మూడు నెలలకు, ఆడవాళ్లు నాలుగు నెలలకు ఒకసారి.

టీబీ ఉన్న ఇల్లు తగిలితే జాగ్రత్తగా, ప్రేమగా ఉండండి. మామూలుగా ఆరు నెలలు మందు వాడాలి. సగంలో ఆపేస్తేనే ప్రమాదం. పౌష్టికాహారం కోసం కేంద్ర ప్రభుత్వం ఇచ్చే సొమ్మును 2024 నవంబరు నుంచి నెలకు 1,000 రూపాయలకు పెంచారు. అది బ్యాంకు ఖాతాలో పడుతోందో లేదో అడగండి. టీబీ రోగులకు తోడ్పడే దాతల కోసం ఉన్న ప్రభుత్వ పథకంలో నిక్షయ్ మిత్రగా పేరు నమోదు చేసుకుంటే, రోగి ఒప్పుకుంటే, మీ సంఘమే ఆ ఇంటికి నెలనెలా పప్పు, గుడ్లు, నూనె ఇవ్వొచ్చు. వీధిలో ఆ జబ్బు పేరు ఎక్కడా పలకకండి.

*కాగితాల పని.* కాలువగట్టు పిల్లలు బడికి పోకపోవడానికి కారణం మేం అనుకున్నట్టు తల్లిదండ్రుల అశ్రద్ధ కాదు. పిల్లలకు పుట్టిన సర్టిఫికెట్ లేదు, పెద్దవాళ్లలో కొందరికి ఆధార్ లేదు. వీటికి వెళ్లాల్సింది ఆంధ్రాలో గ్రామ సచివాలయానికి, తెలంగాణలో మీసేవకు. పుట్టి ఏడాది దాటితే అధికారి ఉత్తర్వు ఉండాలి, ఒక్కరోజులో అయ్యేది కాదు. ఒక తాతగారిని ఆధార్ కోసం మేం నాలుగుసార్లు తీసుకెళ్లాం. చేపల వలలు లాగి లాగి వేళ్ల మీద గీతలే అరిగిపోయాయి, మిషన్ తీసుకోలేదు. ఐదోసారి కళ్లపాపలతో అయింది. చదువుకున్న కుర్రాడు ఒకడు పక్కన ఉంటే ఆఫీసులో మాట తీరే మారుతుంది. మీ సంఘంలో డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న పిల్లలుంటే ఈ పని వాళ్లకు అప్పగించండి.

నాలుగో అడుగు: సాయాన్ని, బోధను కలపకండి

మా జిల్లా చరిత్రలోనే దీనికి ఒక ఉదాహరణ ఉంది. 1876–78 నాటి ధాత కరువులో, ఒంగోలులో ఉన్న బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇప్పించారు. ఆ రోజుల్లో బాప్తిస్మం అడిగిన వాళ్లకు ఆయన ఇవ్వలేదు. తిండి కోసం వస్తున్నారేమో అన్న సందేహం తీరేదాకా ఆగారు. సాయం ఆగిపోయాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మన ప్రసంగాల్లో ఆ సంఖ్యే వినిపిస్తుంది. నాకు మాత్రం ఆయన ఆగిన ఆ నెలలే పెద్దవిగా కనిపిస్తాయి. ఆకలిగా ఉన్న మనిషి "అవును" అంటే అది అవును కాదని ఆయనకు తెలుసు.

అందుకని బియ్యం సంచిలో కరపత్రం పెట్టకండి. ఆస్పత్రికి తోడు వెళ్లిన ఇంటివాళ్లను "ఆదివారం రండి" అని అడగకండి. వాళ్లే "మా కోసం ప్రార్థన చేయండమ్మా" అంటే, అక్కడికక్కడే, నెమ్మదిగా, రెండు నిమిషాల్లో చేయండి. వాళ్లింట్లో దేవుడి పటం ఉంటే దాని గురించి ఒక్క మాట వద్దు. ఆదివారం సాక్ష్యంలో వాళ్ల పేర్లు చెప్పకండి. మన ఊళ్లో పేరు చెప్పకుండా "వెనక వీధి విధవరాలు" అన్నా చెప్పినట్టే.

అన్నం పెట్టడం మనం మొదలుపెట్టిన పని కాదని కూడా గుర్తుంచుకోండి. గోదావరి లంకల్లో డొక్కా సీతమ్మగారు జీవితమంతా వచ్చినవాళ్లకు వచ్చినట్టు వండి పెట్టారు. మీ ఊళ్లో రామాలయం కమిటీ వాళ్లో, మసీదు కుర్రాళ్లో ఇలాంటి పని ఇప్పటికే చేస్తుంటే వెళ్లి వాళ్లతో కలవండి.

ఐదో అడుగు: డబ్బు, పిల్లలు, హద్దులు

త్వరగా చెప్పేస్తాను, కానీ వీటిలో దేన్నీ వదలొద్దు. ఈ పనికి వచ్చే కానుకకు వేరే ఖాతా, రెండు సంతకాలు, నెలకోసారి నోటీసు బోర్డు మీద జమాఖర్చు. ఎవరికీ అప్పు ఇవ్వకండి. ఇవ్వగలిగితే ఊరికే ఇవ్వండి, లేకపోతే లేదని చెప్పండి. పిల్లలకు ట్యూషన్ పెడితే ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి, తలుపులు తీసే ఉండాలి, ఒక్క పిల్లనో పిల్లవాణ్నో పట్టుకుని ఎవరూ ఒంటరిగా కూర్చోకూడదు. పాస్టరుగారికైనా ఇదే నియమం.

మన చేతిలో లేని కష్టాలు వస్తాయి. ఇంట్లో కొడుతున్నాడని ఒక చెల్లి చెబితే "సర్దుకుపో, ప్రార్థన చేస్తాం" అని పంపేయకండి. 181కి ఫోన్ చేయడంలో ఆమెకు తోడుండండి. పిల్లల విషయమైతే 1098, ఒంటరి వృద్ధులకు 14567, మనసు బాగాలేక బతకాలని లేదంటున్న వాళ్లకు 14416. ఈ నంబర్లు నోటుబుక్కు అట్ట మీదే రాసుకోండి.

ఆరో అడుగు: చూసింది చెప్పుకోండి

సంఘం లోపల కరుణ పెరిగేది ఇక్కడే. ఆదివారం ఆరాధనయ్యాక వెళ్లినవాళ్లంతా పది నిమిషాలు ఉండండి. "ఏం చేశాం" అని చెప్పుకుంటే రిపోర్టు అవుతుంది, కొంతకాలానికి గొప్పలవుతాయి. "ఏం చూశాం, మనకేమనిపించింది" అని చెప్పుకోండి.

మా స్త్రీల సమాజంలో ఒక అక్క ఉంది, ఎప్పుడూ నోరు విప్పేది కాదు. ఒక వారం ఆమె బియ్యం సంచి పట్టుకుని ఒంటరిగా ఉండే ఒక పెద్దమ్మ ఇంటికి వెళ్లింది. పెద్దమ్మ సంచి వైపు చూడలేదు. కాళ్లు చీరలోకి లాక్కుంటూ కూర్చుంది. ఏమైందని అడిగితే, గోళ్లు పెరిగి, పక్క వేళ్లలోకి వంగి గుచ్చుకుంటున్నాయి. నడుం వంగదు, తీసుకోలేదు, ఎవర్ని అడుగుతుంది? అక్క బకెట్లో గోరువెచ్చని నీళ్లు పెట్టి, కాళ్లు అరగంట నానబెట్టి, ఒక్కో గోరూ కొంచెం కొంచెంగా తీసింది. షుగరు ఉందేమో అడిగి, వేళ్ల సందుల్లో పుండ్లు లేవని చూసి మరీ. చివర్లో కొబ్బరినూనె రాసింది. ఆ పెద్దమ్మ, "నా కాళ్లు ఎవరైనా ముట్టుకుని ఎన్నేళ్లయిందో అమ్మాయ్" అందట. ఇదంతా చెబుతూ అక్క మధ్యలో ఆగిపోయింది. మేమంతా కాసేపు అలాగే కూర్చున్నాం. మరుసటి వారం నుంచి మా సంచుల్లో గోళ్లు తీసే కత్తెర, చిన్న తువ్వాలు కూడా ఉంటున్నాయి. మీరూ పెట్టుకోండి.

ఏడో అడుగు: తీసుకోవడం నేర్చుకోండి

ఎప్పుడూ ఇచ్చే చేయి పైనే ఉంటే పొరుగు బంధం కుదరదు. వాళ్లు కాఫీ ఇస్తే తాగండి. సంక్రాంతికి అరిసెలు ఇస్తే తీసుకోండి, క్రిస్మస్ కేకు మీరు ఇవ్వండి. ఆ ఇచ్చిపుచ్చుకోవడం మీద మీ సంఘంలో అభ్యంతరాలుంటే ముందే కూర్చుని మాట్లాడుకోండి, గుమ్మంలో నిలబడి మొహం మాడ్చుకోకుండా.

2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటిన రోజు మా చర్చి రేకులు రెండు లేచిపోయాయి. వానలో పరుగెత్తి వచ్చి టార్పాలిన్ పట్టింది వెనకింటి వాళ్లు. టెన్త్ చదివిన ఆ అమ్మాయి అప్పటికి ఇంటర్. మా హార్మోనియం, తబలా ఆ రాత్రి వాళ్ల హాల్లోనే ఉన్నాయి. వాళ్ల పూజగది పక్కనే.

నెలాఖరున పెద్దలు కూర్చున్నప్పుడు నోటుబుక్కు తెరిచి, వెళ్లిన ఇళ్ల లెక్కతో మొదలుపెట్టకండి. వస్తామని చెప్పి వెళ్లలేకపోయిన ఇళ్ల పేర్లు ముందు చదవండి. వాటి పక్కన ఎవరు వెళ్తారో, ఏ రోజు వెళ్తారో రాసుకున్నాకే లేవండి.